శ్రీహరికోట పక్కనే

నేను ఉండేది ఉప్పల్‌లో, పనిచేసేది నాచారంలో. అబద్ధాలు రెండు చోట్లా ఆడతాను.

పచ్చి అబద్ధం ఆడటానికి గుండె ధైర్యం కావాలి. అది నాకు లేదు. నేను నిజమే చెప్తాను. చెప్పే ముందు దాని మీద కాస్త నూనె పోస్తాను. జారి పడటం, పడకపోవడం ఎదుటివాళ్ల అదృష్టం.

2023 ఆగస్టులో మా అమ్మాయి శ్రీ సిటీలోని క్రియా యూనివర్సిటీలో చేరింది. ఆంధ్రప్రదేశ్ చిట్టచివర, తడ దగ్గర, ఇంకో అడుగు వేస్తే తమిళనాడు అనే చోట ఉంటుంది శ్రీ సిటీ. యూనివర్సిటీ 2018లో పుట్టింది, అంటే మా ఇంట్లో ఫ్రిజ్ కంటే చిన్నది. అక్కడ చెప్పేది లిబరల్ ఆర్ట్స్. సైన్సూ, సాహిత్యమూ, లెక్కలూ, చరిత్రా మొదట కలిపి చదివించి, తర్వాత ‘ఇందులో నీ మేజర్ ఏదో తేల్చుకో’ అంటారు. ఫీజులో కొంత స్కాలర్‌షిప్ కట్టింది, మిగతాది బోడుప్పల్‌లోని మా ప్లాటు కట్టింది.

చేరిన వారానికి మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర మూడో అంతస్తు రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు పట్టుకున్నారు.

“అమ్మాయి ఎక్కడ చేరింది సార్?”

“శ్రీ సిటీ సార్.”

“అదెక్కడ?”

ఇక్కడ పోశాను నూనె. “శ్రీహరికోట పక్కనే.”

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. “ఇస్రోనా!”

“లిఫ్టు వచ్చింది సార్” అని ఎక్కేశాను. మాది మొదటి అంతస్తు. ఆ రోజు ఐదో అంతస్తు దాకా పోయి మెట్ల మీద దిగొచ్చాను.

మామూలు రోజుల్లో అయితే ఈ మాట అక్కడే చచ్చిపోయేది. కానీ నా ఖర్మ, ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. సెప్టెంబర్ 2న ఉదయం 11.50కి ఆదిత్య ఎల్-1 శ్రీహరికోట నుంచి ఎగిరింది. అది మేఘాల్లో కలిసేలోపే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మేనేజరు గారి సందేశం దిగింది: మన అపార్ట్‌మెంట్ ఆడబిడ్డ కూడా అక్కడే ఉండటం మనందరికీ గర్వకారణం. కింద ముప్పై రెండు చప్పట్లు, పదకొండు జెండాలు. నేను ఖండించలేదు. ఖండించాలనే ఫోన్ తీశాను. వేలు దానంతటదే వెళ్లి నమస్కారం బొమ్మ పెట్టింది.

వినాయక చవితికి సెల్లార్‌లో అట్టపెట్టెలతో రాకెట్ కట్టి, దాని మీద గణపతిని కూచోబెట్టారు. మైకు నాకిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. రాత్రంతా చదువుకొచ్చిన పరిజ్ఞానంతో, ఎల్-1 అనే చోటు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉందనీ, అక్కడి నుంచి సూర్యుడు ఎప్పుడూ కనబడతాడనీ చెప్పాను. ఒక ఏడేళ్ల పిల్లాడు లేచి, “మరి అంకుల్, అది సూర్యుడిలోకి ఎందుకు పడిపోదు?” అన్నాడు. పులిహోర చల్లారిపోతోందని చెప్పి మైకు దించాను.

ఆ రాత్రి మా ఆవిడ అంది: “అమ్మాయి ఏం చదువుతుందో ఉన్నది ఉన్నట్టు చెప్తే మీ సొమ్మేం పోతది?”

చెప్పడానికి నాకు తెలిస్తే కదా.

ఆర్ట్స్ అనే మాటతోనే నాకు పేచీ. మా అమ్మకి చెప్తే, “బొమ్మలేసుడా బిడ్డా?” అంది. కాదమ్మా అని వివరించబోయి, కొంతదూరం పోయాక నాకూ బొమ్మలేసుడే అనిపించింది. చివరికి మా అమ్మాయే ఫోన్‌లో పాఠం చెప్పింది. పూర్వం యూరప్‌లో లిబరల్ ఆర్ట్స్ ఏడట: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. ఏడేనా అని నాకు నవ్వొచ్చింది. మనకి అరవై నాలుగు. వాత్స్యాయనుడు రాసిన జాబితాలో వంటా, కుట్టుపనీ, జూదమే కాదు, చిలుకలకీ గోరింకలకీ మాటలు నేర్పడం కూడా ఒక కళ. దాన్ని మనం ఇంటర్మీడియట్ అంటున్నాం. ఏసీ క్యాంపస్ అయితే ఫీజు వేరు.

అసలు ఈ ఊళ్లో ఆర్ట్స్ మీద గౌరవం లేదనుకుంటే తప్పు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 నుంచి అలా గులాబీ రాయితో నిలబడి ఉంది. దాని ముందు ఫొటో దిగని ఉప్పల్ కుటుంబం లేదు. మా అమ్మాయి మొదటి పుట్టినరోజు ఫొటో కూడా అక్కడిదే. భవనం బాగుంటుంది. లోపల చెప్పేది మాత్రం పక్కింటివాళ్ల పిల్లలు చదవాలి.

మేజర్ అనే మాట ఇంకో తలనొప్పి. మా తరానికి మేజర్ అంటే చంద్రకాంత్. 1993లో ఆ సినిమా చూసి, ఆ ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణా స్టూడియోస్ ఉన్న నాచారంలోనే ఉద్యోగం దొరికిందని పొంగిపోయినవాణ్ని నేను. చదువులో మేజర్ మాకు లేదు. బీఎస్సీ అంటే మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. మూడూ అన్నదమ్ముల్లా సమానం, మూడూ కలిసి కొట్టేవి. బీఏ అంటే హెచ్‌ఈపీ: హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. ఇప్పుడు మామూలు డిగ్రీ కాలేజీల దాకా ఈ మాట వచ్చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో మూడు సబ్జెక్టులు సమానమనే పద్ధతి పోయి ఒకే మేజర్, దానికి తోడు మైనర్ అన్నారు. తెలంగాణలో డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి 2016 నుంచి ‘దోస్త్’ ఉంది. పేరుకి దోస్తే గానీ, వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున ఏ తండ్రికీ దోస్తు కాదు.

ఇక్కడ ఒక ఉపకథ చెప్పాలి, నేను నా గ్రూపు ఎలా ఎంచుకున్నానో. 1988లో జనగామలో ఇంటర్‌లో చేరడానికి వెళ్తే రెండు వరసలు ఉన్నాయి. బైపీసీ వరస ఎండలో ఉంది. ఎంపీసీ వరస వేపచెట్టు నీడలో ఉంది. నేను లెక్కల మనిషినయ్యాను. ఆ చెట్టు ఇంకో పది గజాలు అటు ఉంటే ఈపాటికి ఎవరి పళ్లో పీకుతూ ఉండేవాణ్ని. తర్వాత మా బావ ఒకాయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ మౌల్డింగ్ కంపెనీలో స్టోర్స్‌లో ఖాళీ ఉందన్నాడు. పెళ్లి సంబంధం మా అమ్మ చూసింది. ఫ్లాటు మా ఆవిడ చూసింది. యాభై రెండేళ్ల జీవితంలో నేనే స్వయంగా, బాగా ఆలోచించి ఎంచుకున్నది ఒక్క హెల్మెట్. అది బిగుతు. అలాంటివాణ్ని, ఫోన్ చేసినప్పుడల్లా అమ్మాయిని అడిగేవాణ్ని: “ఏం తేల్చుకున్నవ్ బిడ్డా? ఇంకా తేల్చుకోలేదా? ఏదో ఒకటి గట్టిగా అనుకోవాలి!”

అనుకుంది. 2024 మార్చి 27న.

ఆ తేదీ ఉప్పల్‌లో ఎవరికైనా గుర్తే. సన్‌రైజర్స్‌కీ ముంబయికీ మ్యాచ్. మా ఫ్లాటు స్టేడియానికి కూతవేటు దూరం. మా ఇంట్లో క్రికెట్ చూడటం ఒక వింత అనుభవం: ముందు కిటికీలోంచి కేక వస్తుంది, కొన్ని సెకన్ల తర్వాత టీవీలో బంతి ఎగురుతుంది. సిక్సర్ అని ముందే తెలిసిపోయి, బౌలర్ పరుగెత్తుకొస్తుంటే పాపం అనిపిస్తుంది. ఆ రాత్రి హైదరాబాద్ 277 కొట్టింది. అప్పటికి ఐపీఎల్‌లో అదే పెద్ద స్కోరు. రెండు జట్లూ కలిపి 523 పరుగులు, 38 సిక్సర్లు. అంటే 38 సార్లు మా కిటికీ అద్దాలు గడగడలాడాయి. సరిగ్గా అలాంటి ఒక సిక్సర్ గాల్లో ఉండగా అమ్మాయి ఫోన్ చేసింది.

“నాన్నా, మేజర్ ఫిక్స్ చేసుకున్నా.”

“ఏంది బిడ్డా?”

కిటికీ బద్దలైంది. అటువైపు నుంచి నాకు అందింది ఇంతే: “...స్ట్రీ!”

కెమిస్ట్రీ! నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కెమిస్ట్రీ అంటే మా ఏరియా సబ్జెక్టు. నాచారం, మల్లాపూర్ గాలి పీలిస్తేనే సగం సిలబస్ అయిపోతుంది. తార్నాకలో ఐఐసీటీ ఉంది, హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. అమ్మాయి పొద్దున డబ్బా కట్టుకుని మెట్రో ఎక్కి, సాయంత్రం ఇంటికొచ్చేస్తుంది. “శభాష్ బిడ్డా!” అని అరిచాను. స్టేడియంలో ముప్పై వేల మంది నాతో గొంతు కలిపారు.

మర్నాడు ఫ్యాక్టరీలో చెప్పాను. నాచారంలో అప్పటిదాకా నాది మచ్చలేని జీవితం. “కెమిస్ట్రీనట సార్, శ్రీహరికోట పక్కనే” అన్నాను. మా ప్రొడక్షన్ మేనేజరు, “ఓ, రాకెట్ ఇంధనమా!” అన్నాడు. మెషీన్ చప్పుడులో వినబడనట్టు నటించాను. క్యాంటీన్‌లో అందరికీ మిర్చీ బజ్జీలు తెప్పించాను.

రెండు రోజుల తర్వాత మా ఆవిడ చపాతీలు వత్తుతూ, మామూలుగా, చుట్టం వస్తున్నాడని చెప్పినట్టు చెప్పింది: “కెమిస్ట్రీ ఏంది? అది తీసుకున్నది హిస్టరీ.”

ఆ మ్యాచ్ రాత్రి టీవీలో ఓవరుకోసారి చరిత్ర, చరిత్ర అని గొంతు చించుకున్నారు. నా చెవికే ఎక్కలేదు.

వేసవి సెలవులకి అమ్మాయి ఇంటికొచ్చింది. మా అమ్మ దగ్గర కూచుని, మేజర్ హిస్టరీ, మైనర్ ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ అని చెప్పింది. మా అమ్మ ముఖం మాడిపోయింది. “ఆ మైనరు వేషాలు మనకొద్దు బిడ్డా. మా ఊళ్లె ఒక మైనరు ఉండె. సిల్కు లాల్చీ ఏసుకొని ఇరవై ఎకరాలు తాగిండు.” మనవరాలు నవ్వి నవ్వి మంచం మీద పడింది. నేను మాత్రం నవ్వలేదు. ఇరవై ఎకరాలైతే మా దగ్గర లేవు, కానీ బోడుప్పల్ ప్లాటు గుర్తొచ్చింది.

నేను స్టోర్స్ మనిషిని. నా దగ్గరికి ఏ వస్తువొచ్చినా మూడు ప్రశ్నలు: ఐటమ్ కోడ్ ఏంటి, ఏ రాక్‌లో పెట్టాలి, ఎవరు ఇండెంట్ పెడతారు. ఆరు నెలలు ఎవరూ అడగకపోతే దాని బిన్ కార్డు మీద ఎర్ర ఇంకుతో నాన్-మూవింగ్ అని రాస్తాను. అదే పద్ధతిలో ఒక రాత్రి కూచుని ఎక్సెల్ షీటు తయారు చేశాను. ఎకనామిక్స్, సైకాలజీ, కంప్యూటర్ సైన్స్, మ్యాథమెటిక్స్, పాలిటిక్స్, లిటరేచర్, హిస్టరీ, వరసగా పేర్చాను. పక్కన గడులు: ఉద్యోగం, జీతం, పెళ్లి సంబంధాలు, లిఫ్టులో ఒక్క మాటలో చెప్పొచ్చా. చివరి గడికి నలభై మార్కులు పెట్టాను. కంప్యూటర్ సైన్స్‌కి నలభైకి నలభై వచ్చాయి. సైకాలజీకి ఐదు, ఎందుకంటే ఆ మాట అనగానే ఎదుటివాళ్లు మన ఇంట్లో ఎవరికి బాగాలేదో అని చూస్తారు. హిస్టరీకి సున్నా వేయబోయి, కన్నకూతురు కదా అని రెండు వేశాను.

పొద్దున లేచేసరికి అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూచుని ఉంది. షీటు మొత్తం కిందికీ మీదికీ రెండుసార్లు జరిపి చూసింది. కోపం రాలేదు దానికి. వస్తే బాగుండేది.

“నాన్నా, ఇందులో నేను చదివేది ఎక్కడుంది? అన్నీ నువ్వు చెప్పుకునేవే ఉన్నయి.”

మా ఆవిడ వంటింట్లోంచి, “నలభై మార్కులట!” అంది.

ఆ రోజు నాకు నైట్ షిఫ్ట్ స్టాక్ చెకింగ్ పడింది. ఇది నా పరువు కాపాడుకోవడానికి చెప్తున్న మాట కాదు, నిజంగానే పడింది. అర్ధరాత్రి నాలుగో నంబర్ మెషీన్ దగ్గర ఆయిల్ కారడం మొదలైంది. ఒక ఓ-రింగ్ పోయింది. ఆ సైజు కోడ్ ఉన్న రాక్‌లో లేదు. మా స్టోర్స్ కుర్రాడు గోడ చివర ఉన్న మిసలేనియస్ రాక్‌లోకి చెయ్యి పెట్టి కెలికి, దుమ్ము ఊది, ఒక ఓ-రింగ్ తీశాడు. బిన్ కార్డు మీద నా చేతిరాతే: నాన్-మూవింగ్. పావుగంటలో మెషీన్ నడిచింది. “మీరు స్క్రాప్‌లో ఏస్తుంటే నేనే దాచిన సార్” అన్నాడు వాడు. నేను వాడికి టీ తెప్పించాను. ఎందుకో ఇంటికొచ్చి ఈ సంగతి మా ఆవిడకి చెప్పలేదు. చెప్తే ఏమంటుందో నాకు తెలుసు.

అసలు దెబ్బ ఆ తర్వాతి ఆదివారం తగిలింది. ప్రాపర్టీ ట్యాక్స్ కాగితాలు వెతుకుతూ బీరువాలోంచి ఫైలు తీశాను. నా ఫైళ్లకి నంబర్లు ఉంటాయి, ట్యాగులు ఉంటాయి, విషయసూచిక ఉంటుంది. 2004లో ఫ్లాటు కొన్నప్పటి నుంచి ప్రతి రసీదూ వరసగా పంచ్ చేసి ఉంది. అమ్మాయి పక్కన కూచుని పాత రసీదు ఒకటి చేతిలోకి తీసుకుంది.

“నాన్నా, ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం అని ఉంది. కలాన్ అంటే ఏంది?”

“కాలనీ బిడ్డా. అచ్చుతప్పు పడ్డది.”

“ప్రతి రసీదులోనా?”

“గవర్నమెంటోళ్లు కదా, ఒకసారి తప్పు పడితే అదే కొనసాగిస్తరు.”

ఇరవై ఏళ్లు నేను నిజంగా అలాగే అనుకున్నాను. 2007లో ఆ మున్సిపాలిటీని జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు, ఇకనైనా ఆ తప్పు పోయిందని సంతోషించాను కూడా.

అమ్మాయి మెల్లిగా చెప్పింది. కలాన్ ఫారసీ మాటట. పెద్ద అని అర్థం. ఖుర్ద్ అంటే చిన్న. ఒకే పేరుతో రెండు ఊళ్లుంటే పెద్దదానికి కలాన్ అనీ, చిన్నదానికి ఖుర్ద్ అనీ దస్తావేజుల్లో రాసేవారట. నిజాం పోయినా, తాలూకాలు పోయి మండలాలొచ్చినా, ఆ మాట మా ఇంటి పన్ను రసీదులో అలాగే కూచుని ఉంది. షాజహాన్, ఔరంగజేబు కాలపు ఫారసీ కాగితాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయని కూడా చెప్పింది. ఉప్పల్ మెట్రో నుంచి నాలుగో స్టేషన్. ఐఐసీటీకి డబ్బా కట్టి పంపుదామనుకున్నానే, అదే స్టేషన్.

“అంటే నాన్నా, మన ఊరి పేరే ఉప్పల్ మేజర్” అంది రసీదు ఫైల్లో పెడుతూ, సరైన తేదీ దగ్గరే పెడుతూ.

నేను ఆ కాగితాన్ని పంచ్ చేశాను, ట్యాగు కట్టాను, నంబరు వేశాను. చదవడం ఒక్కటే చేయలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో నా చేతి మీదుగా ఎన్ని కాగితాలు అలా పోయాయో తలచుకుంటే ఆ రోజు అన్నం సయించలేదు. రెండోసారి వడ్డించుకోలేదు, అంతే.

ఇక నిజం చెప్పేయాలని నిర్ణయించుకున్నాను. హెల్మెట్ తర్వాత ఇదే నా రెండో సొంత నిర్ణయం. సాయంత్రం లిఫ్టు దగ్గర కాపు కాశాను. మూడో అంతస్తు మేనేజరు గారు పాల ప్యాకెట్లతో వచ్చారు.

“సార్, మీకో మాట చెప్పాలి. మా అమ్మాయి ఇస్రోలో లేదు.”

ఆయన ఆగారు.

“ఎప్పుడూ లేదు సార్. శ్రీహరికోటలో కాదు, శ్రీ సిటీలో చదువుతోంది. రాకెట్లు కాదు, హిస్టరీ. కెమిస్ట్రీ కూడా కాదు. మన రసీదుల్లో కలాన్ అంటే ఏంటో మీకు తెలుసా సార్? పెద్ద అని. అట్లాంటివి చదువుతది.”

మేనేజరు గారు కుడివైపు చూశారు. ఎడమవైపు చూశారు. వాచ్‌మన్ దూరంగా మోటారు ఆపుతున్నాడని నిర్ధారించుకుని, నా దగ్గరగా జరిగి, గొంతు తగ్గించారు.

“అర్థమైంది సార్. సెక్యూరిటీ. ఎవరడిగినా ఇట్లనే చెప్పమన్నరా?”

“కాదు సార్, నిజంగానే...”

“మీరేం చెప్పకండి. నేనేం అడగలేదు.” భుజం తట్టారు. “హిస్టరీ అంట! ఎవడూ రెండో ప్రశ్న అడగడు. భలే ప్లాన్ చేసిన్రు సార్ ఇస్రోవాళ్లు.”

లిఫ్టు వచ్చింది. ఆయన నాకు దారి ఇచ్చి, నేను ఎక్కేదాకా బయటే నిలబడ్డారు.